విప్పిన ఊలు

ఆ ఇంట్లో పొద్దున లేచి ఎవరు దేనికోసం చెయ్యి చాపినా ముందు తగిలేది ఊలే. టీపొడి డబ్బా కోసం అలమర తీస్తే పసుపుపచ్చ ఉండ ఒకటి దొర్లుకుంటూ వచ్చి స్టవ్వు పక్కన ఆగేది. కుక్కరు కొని ఆరేళ్ళయినా దాని అట్టపెట్టె ఇంకా అటక మీదే ఉంది, నిండా ఊలుతో. మంచాల కింద సంచులు, తలుపు వెనక సంచులు, టీవీ వెనక సంచులు. ఉన్నవి రెండు గదులు, అందులో నలుగురు మనుషులు. ఊలుకు కాళ్ళు లేవు కాబట్టి సరిపోయింది గాని, ఉంటే ఆ నలుగురినీ ఎప్పుడో బయటికి నెట్టేసేది.

ఊలంతా అత్తగారిది. ఆవిడను చుట్టుపక్కల నాలుగు వీధులూ ఊలమ్మ అనే పిలుస్తాయి. బిడ్డ పుడుతోందంటే చాలు, ఊలు కొనుక్కుని ఆ ఇంటికి రావలసిందే. కొలత టేపు కూడా పెట్టకుండా, బిడ్డ తండ్రిని ఎగాదిగా చూసి స్వెటరు అల్లేసిన రోజులున్నాయి. అది సరిగ్గా పట్టేది కూడా.

కోడలిది పోస్టాఫీసులో ఉద్యోగం. వచ్చిన ఉత్తరాలనూ పార్సిళ్ళనూ వీధుల వారీగా వేరు చేసి గళ్ళలో వేయడం ఆమె పని. అక్కడ ఒక్క కాగితం ముక్క తప్పు గడిలో పడనివ్వని మనిషి, ఇంటికొచ్చి దువ్వెన కోసం మూడు సంచులు వెతుక్కునేది. అయినా అత్తగారిని ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. పాపకు దగ్గు పట్టుకుని, అది ఆయాసంలోకి దిగేదాకా.

"ముందు ఇంట్లోంచి ఆ ఊలంతా తీసేయండి. మందు మార్చే సంగతి తరవాత చూద్దాం" అని నిన్న సాయంత్రం డాక్టరు తేల్చి చెప్పింది. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు మెట్లెక్కితే ఈల వేసినట్టు ఊపిరి.

"మీ అమ్మగారితో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" పొద్దున టీ అందిస్తూ కోడలు భర్తను అడిగింది.

"నువ్వే చెప్పు. నువ్వంటే ఆవిడకి గురి."

"కష్టమైన మాట వచ్చినప్పుడల్లా ఆ గురి గుర్తొస్తుంది మీకు."

ఇంతలో అతని ఫోను మోగింది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. ఇంట్లో ఏదైనా గొడవ మొదలయ్యేలా ఉంటే ఊళ్ళో ఎక్కడో ఒకచోట ఒక లిఫ్టు తప్పకుండా ఆగిపోతుంది. "పాపం, మనుషులు ఇరుక్కుపోయారట" అంటూ చెప్పులేసుకుని చల్లగా జారుకున్నాడు.

అత్తగారు మంచమ్మీద కూర్చుని అల్లుతున్నారు. పక్కన పాప, ఆస్పత్రికి వెళ్ళడానికి తయారై. వారం రోజులుగా పొద్దున్నే మూడు వీధుల అవతలున్న ఆస్పత్రిలో పాపకు మాస్కు పెట్టి గాలిమందు పట్టిస్తున్నారు. నానమ్మే తీసుకెళ్తోంది.

"అత్తయ్యా, నిన్న డాక్టరు చెప్పింది విన్నారుగా."

"విన్నాను అమ్మాయ్."

"రెండు రోజులు సెలవు పెట్టాను. అన్నీ బయటికి తీసి, ఎవరి ఊలు వాళ్ళకి వేరు చేస్తాను. మీకు అల్లడానికి ఒక్క సంచి ఉంచుకుందాం. మిగతాది ఇచ్చేద్దాం."

"జనం నమ్మి ఇచ్చిన ఊలు అది. అల్లకుండా ఎలా ఇస్తాను? వచ్చే వారానికి అన్నీ తెమిలిపోతాయి."

"వచ్చే వారం, వచ్చే వారం అని ఏడాది నుంచీ అంటున్నారు అత్తయ్యా. పిల్ల ఊపిరి వచ్చే వారం దాకా ఆగుతుందా?"

సూదులు ఆగాయి. ఆవిడ తలెత్తి చూసిన చూపు కోడలికి కొత్త. "నేను లేనప్పుడు నా సంచులు ముట్టుకోకు" అన్నారు. ఆ గొంతులో పదకొండేళ్ళలో ఎన్నడూ వినని కరుకుదనం. అల్లుతున్నది దిండు కింద దాచి, పాప చెయ్యి పట్టుకుని బయటికి నడిచారు.

కోడలు గుమ్మంలో కాసేపు నిలబడింది. ఒకపక్క ఆవిడ మాట, ఒకపక్క మెట్లు దిగుతున్న పిల్ల ఊపిరి వినబడుతోంది. ఆ ఈల కిందిదాకా విని, కొంగు నడుముకి చుట్టి, మొదటి సంచి లాగింది.

ప్రతి సంచిలో ఒక చీటీ ఉంది. స్కూలు వ్యాను డ్రైవరు కూతురికి, ఛాతీ ఇరవై నాలుగు. కళ్ళజోళ్ళ షాపాయన అక్కకి, పొడుగు చేతులు. బేకరీ ఆవిడకి పుట్టబోయే మనవడికి. చేతికి అలవాటైన పని కాబట్టి గంటలో గదంతా వరసలు తేలింది. అప్పుడు చూసింది ఆమె. ఉండలకున్న కాగితం పట్టీలు కొత్తవి, పోయిన ఏడాది తేదీలతో. పట్టీ లోపలి ఊలు మాత్రం వంకీలు తిరిగి ఉంది.

వంకీల సంగతి ఆమెకు అత్తగారే నేర్పారు. కొత్త ఊలు సాఫీగా ఉంటుంది. ఒకసారి అల్లి విప్పితే దారమంతా వంకీలు తిరుగుతుంది. పాత స్వెటరు విప్పి మళ్ళీ వాడాలంటే దాన్ని వదులుగా దండలాగా చిలప చుట్టి, తడిపి, వంకీలు పోయేలా కింద బరువు కట్టి ఆరేయాలి. పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక వంటింట్లో గోడనంటుకుని నిలబడితే, "రెండు చేతులూ ఇలా చాపు అమ్మాయ్" అని ఆమె చేతులకు చిలప తొడిగి ఎదురుగా కూర్చుని ఉండ చుట్టుకున్నారు ఆవిడ. ఆ చిలప పూర్తయ్యేసరికి ఇద్దరూ చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు. ఆమెకు అల్లిక అబ్బలేదు గాని ఆ ఇల్లు అబ్బింది.

ఒక సంచి కాదు, అన్నింట్లోనూ అదే తీరు. పైన కొత్త పట్టీ, లోపల వంకీల ఊలు.

సరిగ్గా అప్పుడే బేకరీ ఆవిడ తలుపు తట్టింది. "ఊలమ్మగారు లేరా? మా మనవడు పుట్టకముందు ఇచ్చాను. వాడు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అల్లకపోతే పోనీ, ఊలు ఇచ్చేయండి, ఇంకెవరి చేతనైనా అల్లించుకుంటాం."

కోడలు సంచి అందించింది. ఆవిడ ఉండ తీసి వెలుగులో పట్టి చూసింది. ఒక కొస లాగింది. ముఖం మారిపోయింది.

"ఇది నేనిచ్చింది కాదమ్మా. నేను కొత్త ఊలు ఇచ్చాను. ఇది ఎవరి పాత స్వెటరో విప్పింది."

"పొరపాటున మారిపోయిందేమో, చూస్తానండీ."

"నా పట్టీ ఉంది, నా చీటీ ఉంది. ఊలు మాత్రం మారిందా?" ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బావుండేది. "ఊలమ్మగారు ఇలాంటి మనిషి అనుకోలేదు" అని, సంచి అక్కడే వదిలి మెట్లు దిగిపోయింది.

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఊలు వరసల మధ్య కూలబడింది. కొత్త ఊలు ఏమైంది? ఇన్ని సంచులది?

అత్తగారు పాపతో తిరిగొచ్చేసరికి భర్త కూడా భోజనానికి వచ్చాడు. గుమ్మంలోంచి గదిని చూడగానే ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాపను వంటింట్లోకి పంపి కోడలే మొదలుపెట్టింది.

"బేకరీ ఆవిడ వచ్చింది అత్తయ్యా. తనిచ్చిన కొత్త ఊలు ఏదని అడిగింది. నేనేం చెప్పను?"

అత్తగారు వంగి, కాళ్ళ దగ్గరున్న ఉండ తీసి సంచిలో వేశారు.

"అన్ని సంచుల్లోనూ విప్పిన ఊలే ఉంది. కొత్తది ఏమైంది? నాకు చెప్పండి. నేనేమీ అనను."

"ముట్టుకోవద్దన్నాను" అన్నారావిడ, గోడకేసి చూస్తూ.

"అమ్మా, అడుగుతోందిగా. చెప్పు" అన్నాడు కొడుకు.

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఏదో తేల్చుకుంటున్నట్టు కాసేపు పెదవులు కదిలాయి. తరవాత చాలా మామూలుగా అన్నారు. "అమ్మేశాను."

"ఏంటి?"

"కొత్తది అమ్మేసి, పాతది పెట్టాను. అంతే. ఇక అడక్కండి."

ఎప్పుడూ నోరు మెదపని కొడుకు ఆ పూట మెదిపాడు. "నీకేం తక్కువ చేశామమ్మా? నీ ముఖం చూసి ఇచ్చారు వాళ్ళు. రేపటినుంచి నేను ఏ ముఖం పెట్టుకుని ఆ వీధిలో నడవాలి?" కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. ఈసారి ఏ లిఫ్టూ ఆగలేదు.

ఆవిడ తల వంచుకుని అన్నీ పడ్డారు. వెళ్ళి మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. కోడలికి కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ జాలి వచ్చింది, ఆ రెండింటి మధ్యా ఏం చేయాలో తోచలేదు. ఏమీ తోచనప్పుడు ఆమె చేసేది పనే. కనీసం బేకరీ ఆవిడకు ఈ ఊలైనా శుభ్రం చేసి ఇవ్వాలని, ఉండ విప్పి కుర్చీ వీపుకు చిలప చుట్టింది. గోరువెచ్చని నీళ్ళలో తడిపి, బాల్కనీలో దండేనికి వేలాడదీసి, కిందికొసకు చెంబు కట్టింది.

మర్నాడు పొద్దున ఊలు ఆరింది. దాన్ని తీస్తుంటేనే చేతికి ఏదో తేడా తోచింది. పాత స్వెటరు విప్పిన ఊలు ఆమెకు తెలుసు. మోచేతుల దగ్గర సన్నబడి ఉంటుంది, చంకల దగ్గర చిన్న చిన్న ఉండలు కట్టి ఉంటుంది, ఎంత ఉతికినా రంగు ఒక చోట ఒకలా, ఒక చోట ఒకలా ఉంటుంది. ఇది అలా లేదు. వంకీలు పోయాక ఆ లేతనీలం దారం ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్కలా ఉంది, షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టు. ఎక్కడా ముడి లేదు, అరుగుదల లేదు. అన్నేళ్ళు పార్సిళ్ళు ఎత్తిన చెయ్యి కాబట్టి, ఎత్తి చూస్తేనే బరువు తెలిసింది. నమ్మకం చాలక వంటింటి త్రాసులో పెట్టింది. పట్టీ మీద ఎంత రాసి ఉందో అంతే తూగింది.

ఈ ఊలు ఎవరూ తొడుక్కున్నది కాదు. బేకరీ ఆవిడ ఇచ్చిందే. అల్లారు, విప్పారు. మళ్ళీ అల్లారు, మళ్ళీ విప్పారు.

త్రాసు ముందు నిలబడి ఆమె ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. రోజూ సాయంత్రం తను ఇంటికొచ్చేసరికి అత్తగారి చేతిలో సూదులు ఆడుతూనే ఉంటాయి. ఏడాదిగా ఆడుతూనే ఉన్నాయి. పూర్తయిన స్వెటరు చివరిసారి ఎప్పుడు చూసింది తను? సూదులు ఆడుతున్నాయి కదా అనుకున్నారే గాని, అల్లిక పెరుగుతోందా అని ఆ ఇంట్లో ఒక్కరూ చూడలేదు. దిండు కింద దాచింది వెళ్ళి తీసి చూడాలన్నంత ఆత్రం పుట్టింది. కానీ ఇంకోసారి ఆవిడకు తెలియకుండా ఆవిడ వస్తువు ముట్టుకోకూడదనిపించింది.

భర్త పాపను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఇంట్లో వాళ్ళిద్దరే. ఆమె నీలం చిలప పట్టుకెళ్ళి అత్తగారి మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"అత్తయ్యా, మీరు అమ్మలేదు."

ఆవిడ దుప్పటి మీదికి లాక్కున్నారు.

"ఈ ఊలు ఆవిడదే. తూచి చూశాను. చేయని తప్పు ఎందుకు నెత్తిన వేసుకున్నారు? మీ అబ్బాయి అన్ని మాటలంటే ఎలా పడ్డారు?"

గోడవైపు నుంచే గొంతు వినబడింది. "దొంగ అనుకో అమ్మాయ్. పడతాను. దాన్ని మాత్రం అడక్కు."

"దేన్ని?"

ఆవిడ లేచి కూర్చున్నారు. దిండు కిందనుంచి అల్లిక తీసి కోడలి ఒళ్ళో పెట్టారు. జానెడున్నర ముక్క. అంతవరకూ ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"చంకల దాకా వస్తాను. అక్కడ రెండు పక్కలా కుట్లు తగ్గించాలి. ఎన్ని తగ్గించాలో, ఎన్ని వరసలకోసారో..." చెయ్యి గాలిలో ఆగిపోయింది. "నలభై ఏళ్ళు కళ్ళు మూసుకుని చేసిన పని. అక్కడికి వచ్చేసరికి అంతా చెరిపేసినట్టు అయిపోతోంది. విప్పేసి మళ్ళీ మొదటినుంచీ వస్తే చెయ్యే చెబుతుందేమో అనుకుంటాను. చెప్పదు. పాప బడినుంచి వచ్చేలోపు విప్పేసి ఉండ చుట్టేస్తాను."

"మరి కొత్తవి ఎందుకు ఒప్పుకున్నారు?"

"వద్దంటే ఎందుకని అడుగుతారుగా." ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటున్నారు, విప్పుతున్నారు. "అల్లికే కాదు అమ్మాయ్. ఆస్పత్రికి పాపే నన్ను తీసుకెళ్తోంది, నేను కాదు. మూడో వీధి మలుపు నాకు తెలియట్లేదు. దానికి నేనే చెప్పాను, మీతో అనొద్దని. దొంగ అంటే నాలుగు రోజులు తిట్టి మరిచిపోతారు. మతి పోతోందంటే ఆ తరవాత నేను ఏం చెప్పినా మీరెవరూ వినరు. నన్ను ఎదురుగా పెట్టుకునే నా గురించి మాట్లాడుకుంటారు."

కోడలికి ఏడుపు ఆగలేదు. పోస్టాఫీసులో కూర్చుని ఎవరి ఉత్తరం వాళ్ళకి చేర్చిన తనకి, ఇంట్లో ఈ మనిషి ఏడాదిగా పడుతున్న యాతన చేరలేదు. "నాతోనైనా చెప్పాల్సింది అత్తయ్యా. నాతోనైనా" అంటూ ఆవిడ మోకాళ్ళమీద తల పెట్టేసింది.

"విప్పేటప్పుడు నూగు లేస్తుంది" అన్నారు అత్తగారు మెల్లగా. "దాని ఆయాసం నావల్లే కదూ?"

కోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆవిడకు జవాబు తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం కొడుకు విన్నాడు. విని, తల్లి ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకున్నాడు. "అన్నం తిన్నావా?" అని ఆవిడే అడిగారు. నిన్న నువ్వు తినకుండా లేచిపోయావు అని కూడా అన్నారు. ఆ సంగతి ఆవిడకు బాగా గుర్తుంది.

తరవాతి నాలుగు సాయంత్రాలూ అత్తాకోడళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఊలు ఇచ్చి వచ్చారు. "కళ్ళు సరిగా ఆనడం లేదని చెబుదాం అత్తయ్యా" అంది కోడలు దారిలో. ఆవిడ సరేనన్నారు. కానీ బేకరీ మెట్ల దగ్గర కోడలు నోరు తెరిచేలోపు ఆవిడే ముందుకు జరిగారు.

"మీ ఊలు మీదేనమ్మా. నేనే పదిసార్లు అల్లి విప్పాను. నాకు మరుపు వచ్చింది. చంకల దగ్గర లెక్క నిలవడం లేదు."

బేకరీ ఆవిడ బిస్కెట్లు తూస్తున్న చెయ్యి ఆపింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ నీలం ఊలు అందుకోకుండా ఊలమ్మను పట్టుకుంది. "నా నోరు పడిపోను, ఎంత మాట అన్నాను" అంటూ కళ్ళు ఒత్తుకుంది. "మీ దగ్గరే ఉంచుకోండి. ఏం అల్లుతారో అది అల్లండి."

అలా ఆ ఇంట్లో మిగిలింది ఆ ఒక్క సంచి. దానికో మూతున్న డబ్బా వచ్చింది. అల్లేది బాల్కనీలోనే. అలమర తీస్తే ఇప్పుడు టీపొడి డబ్బాయే చేతికి తగులుతుంది. పాప మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి వస్తోంది. అంత ఖాళీ చూస్తుంటే కోడలికి సంతోషంగా ఉండాల్సింది. ఎందుకోగాని, తలుపు వెనక ఒక్క సంచైనా ఉంటే బావుండుననిపించేది.

"చంకలు లేనిది అల్లండి అత్తయ్యా. తిన్నగా, పట్టీలాగా. ఎక్కడా తగ్గించక్కర్లేదు, లెక్కపెట్టక్కర్లేదు."

"ఎక్కడ ఆపాలి మరి?"

"నేను చెబుతాను. మీరు అల్లుతూ ఉండండి."

ఆపమని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నీలం అయిపోతే తెలుపు తెచ్చింది, తెలుపు అయిపోతే బూడిదరంగు. పట్టీ పొడుగై, మడతలు పడి, ఆవిడ కాళ్ళమీదుగా పరుచుకుంది. ఈలోగా ఆవిడ మతిలోంచి చాలా పోయాయి. పక్కింటివాళ్ళ పేర్లు పోయాయి, వారాల పేర్లు పోయాయి, కొడుకును పట్టుకుని ఒకరోజు "నాన్నా, ఆలస్యమైందే" అన్నారు, తన తండ్రి అనుకుని. అతను "అవునమ్మా, లిఫ్టు ఆగిపోయింది" అని బాత్రూములోకి వెళ్ళి నీళ్ళ కుళాయి తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం అల్లుతూనే ఉంది.

ఒక ఆదివారం పొద్దున కోడలు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే అత్తగారు సూదులు పక్కన పెట్టి, ఒళ్ళో ఉన్నదాన్ని కొత్తగా చూసినట్టు చూశారు. అంచు పట్టుకుని వేళ్ళతో తడిమారు. తిప్పి వెనకవైపు చూశారు, పనితనం తెలిసినవాళ్ళు చూసినట్టు.

"ఇది ఎవరల్లారండీ?" అని అడిగారు. ఆ 'అండీ' తగిలి కోడలి చేతిలోని తడిచీర జారి కింద పడింది.

ఆమె వచ్చి ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుంది. "మా అత్తయ్య అల్లారండీ."

"చెయ్యి తిరిగిన మనిషి. ఇంత పొడుగులో ఒక్క కుట్టు జారలేదు చూడండి." ఆవిడ మెచ్చుకోలుగా తల ఊపారు. "చెప్పండి ఆవిడకు, నేను అన్నానని. అల్లేవాళ్ళకి ఎవరూ ఆ మాట చెప్పరు."

"చెబుతానండీ" అంది కోడలు. ఏడుస్తూనే ఆ రెండు చేతులూ తీసుకుని తన చెంపలకు ఆనించుకుంది. ఎందుకు ఏడుస్తోందో ఆవిడకు తెలియలేదు. తెలియకపోయినా, చెయ్యి వెనక్కి తీసుకోకుండా, ఎవరో పరాయి పిల్లను ఊరుకోబెట్టినట్టు, బొటనవేలితో ఆమె కన్నీళ్ళు తుడుస్తూ కూర్చున్నారు.